అత్తమామల గడి

ఉషశ్రీ ఉద్యోగమేమిటో వాళ్ళ వీధిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. విజయవాడ సత్యనారాయణపురంలో అత్తవారింటి మేడగదిలో తెల్లవారుజామున ఐదింటికే తలుపేసుకుని కూర్చుంటుంది, మధ్యాహ్నం రెండింటికి బయటికొస్తుంది. మధ్యలో ఎవరు పిలిచినా పలకదు. పక్కింటావిడ కొన్నాళ్ళు "మీ కోడలు ధ్యానం చేస్తుందా అండీ" అని అడిగేది కూడా. ఆవిడ చేసేది ధ్యానం కాదు, బిల్లుల పని. ఆస్ట్రేలియాలో ఎవరికో కాలు విరిగితే, ఇంకెవరికో కంటి ఆపరేషనైతే, ఆ ఆసుపత్రి బిల్లు బీమా నిబంధనలకి సరిపోయిందో లేదో చూసి, సరిపోకపోతే దిద్ది, డబ్బు వచ్చేలా చేస్తుంది. ముక్కూ మొహం తెలియని ఎన్ని వేలమందికి ఏడేళ్ళుగా ఈ ఉపకారం చేసిందో ఆమెకే తెలియదు. కంపెనీ ఉన్నది బెంగళూరులో. ఆ ఆఫీసు గుమ్మం ఆమె తొక్కింది రెండే రెండుసార్లు.

పుట్టింది హనుమాన్ జంక్షన్‌లో, పిండిమర బసవయ్యకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడినుంచి వచ్చి మరలో కూర్చుని ఎవరి డబ్బా ఏదో కలిసిపోకుండా చూసేది. జొన్నపిండీ మినపపిండీ జుట్టు నిండా పడి, పదేళ్ళ పిల్ల అరవయ్యేళ్ళ ముసలమ్మలా ఇంటికెళ్తే వాళ్ళమ్మ వెంకటరత్నమ్మ చీపురు తీసుకుని వెంటపడేది, కొట్టడానికి కాదు, దులపడానికి. గుడివాడలో డిగ్రీ చదివింది. పాతికేళ్ళకి కిరీటితో పెళ్ళయింది. కిరీటి వాళ్ళ నాన్న వెంకటప్పయ్యకి వన్‌టౌన్‌లో మంగళగిరి చీరల కొట్టు, తండ్రీకొడుకులిద్దరూ అందులోనే. అత్తగారు సంపూర్ణమ్మ నెమ్మదస్తురాలు. పొద్దున్నే కోడలు తలుపేసుకోకముందే ఫ్లాస్కు నిండా కాఫీ పోసి మేడమీదికి మోసుకొచ్చేది. మోకాళ్ళ నొప్పులు, షుగరు. మెట్టుకోసారి ఆగుతూ అయినా ఎక్కేది, వద్దంటే వినేది కాదు.

ఇక కంపెనీ సంగతి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ కంపెనీ అడక్కుండానే అన్నీ పెడుతుంది. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళకి నడుం నొప్పి రాకూడదని ఒక కుర్చీ పంపింది. ఆ కుర్చీ సన్నటి మేడమెట్లలో పట్టకపోతే తాళ్ళు కట్టి వీధిలోంచి పైకి లాగారు, చూడ్డానికి పదిమంది పోగయ్యారు. జిమ్ముకి కార్డిచ్చింది. ఆ జిమ్ములన్నీ బెంగళూరులోనే ఉన్నాయి. శుక్రవారం శుక్రవారం ఆన్‌లైన్లో తంబోలా ఆడిస్తుంది. నిద్రపట్టడానికి ఒక యాప్, మనసు బాగోకపోతే మాట్లాడటానికి ఒక ఫోన్ నంబరు, కుక్కని పెంచుకుంటే ఆ కుక్కకి బీమా. వీటన్నిటి మధ్యలో నిజంగా పనికొచ్చేది ఒకటుంది: ఉద్యోగితోపాటు ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఆరోగ్య బీమా. అయితే ఒక్క జతకే. అమ్మానాన్నలైనా, అత్తమామలైనా. అటొకరినీ ఇటొకరినీ కలపడానికి లేదు. ఏటా ఏప్రిల్లో పదిహేను రోజులు ఆ తలుపు తెరుస్తారు, తర్వాత మళ్ళీ ఏప్రిలే.

పెద్దవాళ్ళకి బీమా మొదలైన మొదటి ఏప్రిల్లోనే ఉషశ్రీ తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, నీదీ నాన్నదీ ఆధార్ పంపు. ఇన్సూరెన్సులో పెడతాను."

"మీ అత్తగారిదీ మావగారిదీ పెట్టు" అంది వెంకటరత్నమ్మ.

"వాళ్ళకి మావయ్య కొట్టు మీద ఎలాగో గడుస్తుందమ్మా. మీకేదైనా వస్తే?"

"మాకేం రోగం? ఆడపిల్ల సొమ్ముతో మందులు మింగామంటే నలుగురూ నవ్వరూ?"

"నా సొమ్ము కాదమ్మా, కంపెనీది."

"కంపెనీ నీ మొహం చూసి ఇస్తోందా, నీ కష్టం చూసి ఇస్తోందా? పెట్టెయ్యమ్మా మాట్లాడకుండా."

ఈ మాటలో వెంకటరత్నమ్మకి ఉన్న పట్టుదల ఎంతటిదో చెప్పాలి. వాళ్ళ పుట్టింటి ఆచారం ప్రకారం కూతురికి బిడ్డ పుట్టేదాకా కూతురి ఇంట్లో చెయ్యి కడక్కూడదు. ఉషశ్రీకి పెళ్ళై ఆరేళ్ళైనా పిల్లల్లేరు. ఆరేళ్ళనుంచీ వెంకటరత్నమ్మ విజయవాడ వచ్చినప్పుడల్లా తన అన్నం తనే క్యారేజీలో తెచ్చుకుంటుంది. వియ్యపురాలు వేడివేడిగా వడ్డిస్తానని బతిమాలుతుంటే, ఎదురుగా కూర్చుని తన చల్లటి పులిహోర తను తింటుంది. పిల్లల్లేని బాధ ఒకెత్తు, అమ్మ ఆ క్యారేజీ విప్పడం ఒకెత్తు ఉషశ్రీకి. పైకి ఎప్పుడూ అనలేదు. ఆ రోజూ అనలేదు. అత్తమామలు అని ఉన్న గడిలో టిక్కు పెట్టి, వెంకటప్పయ్య పేరూ సంపూర్ణమ్మ పేరూ రాసి పంపేసింది.

ఆ ఏడు సెప్టెంబరులో వెంకటరత్నమ్మ మర దగ్గర బియ్యం బస్తా జరపబోయి ఊపిరందక కూర్చుండిపోయింది. విజయవాడ తీసుకొచ్చి చూపిస్తే గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. ఆపరేషన్ చేసి మార్చాలి. ఇవాళే అని కంగారు లేదు గానీ నెలలు గడిచేకొద్దీ గుండె పాడైపోతుంది, ఆ తర్వాత మార్చినా లాభం ఉండదు. డాక్టరు ఇంత స్పష్టంగా చెప్పాక వెంకటరత్నమ్మ అడిగింది ఒకటే, మర నడుపుకోవచ్చా అని.

సర్కారు వైద్యానికి కార్డు లేదు. ఇంటికీ మరకీ కలిపి ఒకటే మీటరు కావడంతో కరెంటు వాడకం ఎక్కువని ఎప్పుడో తీసేశారు. మర అమ్మేస్తానన్నాడు బసవయ్య. "అమ్మి నన్ను బతికించి ఏం పెడతావు తినడానికి" అంది ఆవిడ. కొట్టు మీద అప్పు తెస్తానన్నాడు వెంకటప్పయ్య. ఆ మంచి మనిషికి రెండు చేతులూ జోడించి, "అన్నయ్యగారూ, వియ్యంకుడి డబ్బుతో బాగుచేయించుకున్న గుండెతో నేను మీ ఇంటి గుమ్మంలోకి ఎలా రానండీ" అంది. మూడురోజులు ఏడ్చి, మొగుడిచేత తిట్లు తిని, చివరికి ఒక మెట్టు దిగింది. కూతురి జీతం వద్దు, వియ్యంకుడి డబ్బు వద్దు. ఆ కంపెనీ బీమా అయితే సరే.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఉషశ్రీ బెంగళూరులో ఎచ్‌ఆర్ అమ్మాయితో వీడియోలో మాట్లాడింది. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, నిజంగానే బాధపడుతూ విన్నది. అంతా విని, ఏప్రిల్ దాకా కుదరదంది.

"మా అత్తామావలు తమ పేర్లు తీసేయమంటున్నారండీ. రాసిస్తామంటున్నారు."

"వాళ్ళు ఒప్పుకున్నా కుదరదండీ. మధ్యలో మార్చాలంటే ఏదైనా జరగాలి. అంటే, పేరున్నవాళ్ళలో ఎవరైనా చనిపోవడం గానీ, మీరు విడాకులు తీసుకోవడం గానీ."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారికీ ఇవ్వాలనే ఉంది, గుడి తాళం ఎవరి దగ్గరుందో ఆమెకీ తెలియదు. ఉషశ్రీ కోపం ఎవరిమీద చూపించాలో తెలియక ఆ రాత్రి నిబంధనల పుస్తకం మొదటినుంచీ చివరిదాకా చదివింది. బీమా బిల్లుల్లో సందులు వెతకడమేగా ఆమె ఉద్యోగం. ఎక్కడా సందు దొరకలేదు. ఒక్కటి మాత్రం కనిపించింది: పెంపుడు కుక్కని ఏ నెలలోనైనా చేర్చుకోవచ్చు.

"ఏప్రిల్ ఎంతలోకొస్తుందే, ఏడు నెలలు. నీ కోసం పది నెలలు మోశాను, ఇదో లెక్కా" అంది వెంకటరత్నమ్మ ఫోన్లో, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ.

అలా మొదలైంది ఎదురుచూపు. దీపావళికి కంపెనీ జీడిపప్పు డబ్బా పంపింది. డిసెంబరులో అందరి ఆరోగ్యం కోసం నడక పోటీ పెట్టింది. రోజుకి పదివేల అడుగులు వేసినవాళ్ళకి బహుమతి. హనుమాన్ జంక్షన్లో వెంకటరత్నమ్మ మంచంనుంచి పెరట్లోకి నలభై అడుగులు వేసి మధ్యలో స్తంభం పట్టుకుని నిలబడుతోంది. ఉషశ్రీ ఒకసారి ఆ మనసు బాగోనివాళ్ళ నంబరుకి కూడా ఫోన్ చేసింది. అవతలి మనిషి నాలుగంకెలు లెక్కపెడుతూ గాలి లోపలికి పీల్చుకోమంది, నాలుగంకెలు లెక్కపెడుతూ వదలమంది. గాలి అందనిది నాకు కాదండీ అని చెప్పబోయి, చెప్పి ఏం లాభమని పెట్టేసింది.

ఫిబ్రవరి రెండోవారంలో వెంకటప్పయ్య కొట్లో పై అరలోంచి చీరల కట్ట దించుతూ కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. అరవై ఆరేళ్ళ మనిషి, ఒక్కరోజు జ్వరమని పడుకోని మనిషి. బీమా కార్డు ఆయన జేబులోనే ఉంది, ఒక్కసారి కూడా వాడలేదు.

మామగారు పోతే కంపెనీ మూడురోజులు సెలవిస్తుంది. నాలుగోరోజు ఉషశ్రీ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చునేసరికి ఒక మెయిల్ వచ్చి ఉంది. సానుభూతి తెలిపి, కింద రాశారు: మీ మీద ఆధారపడిన ఒకరి మరణం కారణంగా, మరణించిన తేదీనుంచి ముప్పై రోజుల్లోగా మీ పెద్దల జతను మార్చుకోవచ్చు.

అది చదవగానే ఉషశ్రీకి మొదట కలిగింది సంతోషం. దాని వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. కింద అత్తగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉంటే, తనకి సంతోషం ఎలా కలిగిందో, తను ఏం మనిషో అర్థం కాలేదు. పైగా మార్చాలంటే జత మొత్తం మార్చాలి. అమ్మ పేరు ఎక్కాలంటే అత్తగారి పేరు దిగాలి. మొగుడు పోయి నాలుగురోజులు కాలేదు, షుగరు మనిషి, రేపు ఆవిడకేమైనా అయితే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. పదిహేను రోజులు ఎవరికీ చెప్పలేదు. పెద్దకర్మ అయ్యాక కిరీటికి చెప్పింది. కిరీటి, "నన్నడక్కు ఉషా. నేను ఏం చెప్పినా ఎవరో ఒకరికి ద్రోహం చేసినవాణ్ణవుతాను" అన్నాడు. పక్కగదిలో సంపూర్ణమ్మ వింటోందని ఇద్దరూ అనుకోలేదు.

ఆవిడ లేచి వచ్చి, "తీసెయ్యమ్మా నా పేరు. ఇందులో ఆలోచించడానికేముంది" అంది.

ఆలోచించినది వెంకటరత్నమ్మ. పేరు చేర్చాలంటే ఆవిడ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, ఆ ఆరంకెలూ ఆవిడ చెప్పాలి. చెప్పనంది. "పసుపూ కుంకుమా పోయి ఆవిడ మూల కూర్చునుంటే, ఆవిడ పేరు కొట్టేసి నా పేరు రాసుకుంటానా? అంతకంటే ఈ గుండె ఆగిపోతేనే నయం. ఏప్రిల్ రానీ, చూద్దాం." ఏప్రిల్లో మాత్రం జరిగేది అదేగదా, అప్పుడైనా జతకి జతే అని ఉషశ్రీ ఎంత చెప్పినా వినలేదు. నాలుగోసారి చేసేసరికి ఫోన్ కట్టేసింది. ఆ వారమే డాక్టరు మళ్ళీ పరీక్ష చేసి, గుండె అప్పుడే ఉబ్బడం మొదలైందనీ, ఈ నెల దాటితే తను చెయ్యి పెట్టననీ బసవయ్యకి చెప్పాడు.

మామగారు పోయిన ఇరవై ఆరోరోజు ఆదివారం. సంపూర్ణమ్మ పొద్దున్నే స్నానం చేసి, గళ్ళ నేతచీర కట్టుకుని, "పద" అంది.

"ఎక్కడికత్తయ్యా?"

"మీ అమ్మ దగ్గరికి. ఆ కంప్యూటరు కూడా తెచ్చుకో."

నెలమాసికం వెళ్ళేదాకా గడప దాటకూడదని ఇంటిపెద్దలంతా చెప్పి వెళ్ళారు. కిరీటి అదే గుర్తు చేయబోయాడు. ఆవిడ చెప్పులు వేసుకుని అప్పటికే వీధిలో ఉంది. ఏలూరు బస్సులో మొహం చెంగుతో కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. మనసులో మొగుడితో మాట్లాడుకుంటోందేమో అనిపించింది ఉషశ్రీకి.

పిండిమర పక్కనే ఇల్లు. బసవయ్య వీళ్ళని చూసి మర ఆపేసి పరుగున వచ్చాడు. సంపూర్ణమ్మ మెట్టు మీదే కూర్చుంది.

"లోపలికి రండమ్మా" అన్నాడు బసవయ్య.

"వద్దన్నయ్యగారూ. ఇలాంటప్పుడు నేను గడప తొక్కకూడదు, అందులోనూ లోపల జబ్బు మనిషి ఉంది. ఇక్కడినుంచే మాట్లాడి వెళ్ళిపోతాను."

లోపల మంచం కిర్రుమంది. వెంకటరత్నమ్మ గోడ పట్టుకుంటూ గుమ్మందాకా వచ్చి, తలుపుకి ఆనుకుని నిలబడింది. మనిషి సగమైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. వెంకటప్పయ్య పోయాక కలుసుకోవడం అదే మొదలు. శవాన్ని చూడ్డానికి కూడా రాలేకపోయింది వెంకటరత్నమ్మ.

"వదినగారూ, ఆ నంబరేదో చెప్పండి" అంది సంపూర్ణమ్మ.

"నన్ను అడక్కండి వదినా. ఇంతటి పాపం నాకొద్దు."

"నా కర్మ ఇలా కాలింది. మిమ్మల్ని కూడా పోగొట్టుకుని మీ అమ్మాయి మొహం నేను రోజూ చూడాలా? ఆరేళ్ళు మా ఇంట్లో ముద్ద ముట్టలేదు మీరు. నేనేమీ అనలేదు. ఇదొక్కటి తీసుకోండి నా చేతిమీదుగా."

వెంకటరత్నమ్మకి ఏడుపుతో ఊపిరి ఎగబోసింది. బసవయ్య పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. కాసేపటికి లోపల్నుంచి మాట వచ్చింది.

"అయితే ఆవిణ్ణి లోపలికొచ్చి నా పక్కన కూర్చుని కాఫీ తాగమను ఉషా. నా గడపకేమీ కాదు. తాగుతానంటేనే చెప్తాను నంబరు."

"ముందు చెప్పండి, తర్వాత వస్తాను" అంది సంపూర్ణమ్మ.

ఉషశ్రీ మెట్టు మీద అత్తగారి పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. అమ్మా నాన్నల పేర్లు రాసింది. మామగారి మరణ ధ్రువపత్రం పెట్టింది. ఆ తర్వాత, అత్తమామలు అనే గడిని తీసెయ్యమని నొక్కితే, ఎందుకు తీస్తున్నారో కారణం అడిగింది. కింద రెండే కారణాలున్నాయి. జతకి ఒకే గడి, గడికి ఒకటే కారణం. ఇద్దరికీ వేరువేరు కారణాలు పెట్టొచ్చా అని కంపెనీవాళ్ళ చాట్‌లో అడిగింది. ఆదివారమైనా నిమిషంలో జవాబొచ్చింది: ఇద్దరికీ కలిపి ఒకటే నొక్కండి, అది సిస్టమ్ కోసమే, ఏమీ కాదు.

"ఏమంటుంది?" అంది సంపూర్ణమ్మ.

"ఏం లేదత్తయ్యా."

"మొహం చూస్తే తెలియడం లేదూ. చెప్పు."

"మీ ఇద్దర్నీ ఎందుకు తీస్తున్నారని అడుగుతోంది. ఆయనా నేనూ విడిపోయామనైనా చెప్పాలి, లేకపోతే..." ఉషశ్రీ ల్యాప్‌టాప్ మూయబోయింది. "వద్దత్తయ్యా. ఇంకో దారేదైనా చూద్దాం."

సంపూర్ణమ్మకి అర్థమైంది. ఒకసారి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది.

"మొదటిది నోటితో కూడా అనకు. రెండోది నొక్కు. మీ అమ్మకి వినపడనీయకు."

ఉషశ్రీ నొక్కింది. తన వేలే నొక్కిందని చూస్తూ కూడా నమ్మలేకపోయింది.

లోపల ఫోన్ మోగింది. "వచ్చిందే" అంది వెంకటరత్నమ్మ. కళ్ళద్దాల కోసం వెతికి, ఒక్కో అంకెకీ ఆగి ఊపిరి తీసుకుంటూ చదివింది. "ఐదు... రెండు... సున్నా... తొమ్మిది... తొమ్మిదే మళ్ళీ... నాలుగు." మెట్టు మీద ఉషశ్రీ ఒక్కొక్కటే కొట్టింది. తెర మీద కొత్త పేర్లు పైకొచ్చాయి. పాత పేర్లు రెండూ బూడిదరంగులో కిందికి దిగాయి, పక్కన మరణించారు అన్న మాటతో.

"అయిందా?" అంది వెంకటరత్నమ్మ లోపల్నుంచి.

"అయిందమ్మా" అంది ఉషశ్రీ.

సంపూర్ణమ్మకి ఇంగ్లీషు రాదు. తెర వైపు వంగి, "ఇందులో నా పేరేది?" అంది. ఉషశ్రీ చూపించింది. "మీ మావయ్యది?"

"దాని పైనే, అత్తయ్యా."

"పోన్లే" అంది సంపూర్ణమ్మ. "ఇద్దర్నీ కలిపే తీశారు."

ఉషశ్రీ ఇక ఆపుకోలేక అత్తగారి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. లోపల బసవయ్య కలిపిన కాఫీ చల్లారిపోతోందని వెంకటరత్నమ్మ పిలుస్తూనే ఉంది. సంపూర్ణమ్మ కోడలి వీపు నిమిరి, మోకాలి మీద చెయ్యి ఆనించి, నెమ్మదిగా లేచి లోపలికి వెళ్ళింది.